అమ్మ గాజులు, ఢిల్లీలో మనోడు

మా నాన్న జన్మలో ఒకే ఒక్కసారి ఒక రాజకీయ నాయకుడికి టెలిగ్రామ్ కొట్టారు. 1991 జూన్‌లో, పీవీ నరసింహారావు ప్రధానమంత్రిగా ప్రమాణం చేసిన మర్నాడు. మాటకింత అని డబ్బు కట్టాలి కాబట్టి పొద్దున్నే కాఫీ తాగుతూ పాత క్యాలెండర్ కాగితం వెనకాల రాసుకున్నారు, రెండు మాటలు కొట్టేశారు, ఒకటి మళ్లీ కలిపారు, చివరికి ఇంగ్లీషులో ఐదారు మాటలకు కుదించి కాగితం జేబులో పెట్టుకున్నారు. సైకిలు స్టాండు తీస్తుంటే వంటింట్లోంచి అమ్మ అంది, "పనిలో పని నా గాజుల సంగతి కూడా ఓ ముక్క రాయకపోయారా?" అని. నాన్న వినపడనట్టు గేటు తీసుకుని వెళ్లిపోయారు.

ఆ గాజుల సంగతి చెప్తేగాని ఈ టెలిగ్రామ్‌లో ఉన్న తమాషా అర్థం కాదు.

నేను పుట్టింది 1972 సెప్టెంబరులో, బెజవాడలో. నాకు నెల నిండకముందే, అక్టోబరు 3న, తెలంగాణలో సర్కారు కొలువులు స్థానికులకే అనే ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. హైదరాబాదులో సర్కారు ఉద్యోగాలు ఇక మనవాళ్లకు దొరకవన్న భయం కోస్తా జిల్లాల్లో అంటుకుంది, చూస్తూ ఉండగానే అది ప్రత్యేకాంధ్ర రాష్ట్రం కోరే జై ఆంధ్ర ఉద్యమమైంది. అప్పుడు ముఖ్యమంత్రి పీవీ. మా నాన్న ఇరిగేషన్ ఆఫీసులో ఎల్‌డీసీ, అంటే కింది స్థాయి గుమాస్తా, ఉద్యోగంలో చేరి నాలుగేళ్లు. డిసెంబరులో ఎన్జీవోలు, అంటే నాన్‌గెజిటెడ్ సర్కారు ఉద్యోగులు, సమ్మెకు దిగారు, అది వంద రోజులు దాటింది. వంద రోజులని చెప్పడానికి తేలిగ్గానే ఉంటుంది. జీతం లేదు, అద్దె ఇల్లు, చేతిలో మూడు నెలల పసిగుడ్డు. రెండో నెల నుంచి కిరాణా కొట్టాయన మా ఖాతా పుస్తకం బయటికి తీయడమే మానేశాడట. అమ్మకి పుట్టింటివాళ్లు పెట్టిన నాలుగు గాజులు వన్‌టౌన్‌లో తాకట్టుకి వెళ్లాయి.

నాన్న ఆ రోజుల్లో ఇంట్లో ఉన్నది తక్కువ. ఊరేగింపులు, ధర్నాలు, పీవీ దిష్టిబొమ్మకు పాడె కట్టి ఏలూరు రోడ్డు మీద శవయాత్రలు. పాడె ముందువైపు పట్టుకున్న వాళ్లలో తనూ ఒకణ్ణని నా చిన్నప్పుడు ఆయనే గొప్పగా చెప్పేవారు. డిసెంబరులో ఊళ్లో కాల్పులు జరిగాయి. ఉద్యమాన్ని నడిపిన కాకాని వెంకటరత్నం గారు ఆ నెల 25నే గుండెపోటుతో పోయారు, బెంజి సర్కిల్‌లో ఏళ్ల తరబడి నిలబడిన విగ్రహం ఆయనదే. జనవరిలో పీవీ దిగిపోయారు, రాష్ట్రపతి పాలన వచ్చింది. మనం గెలిచాం అనుకున్నారు అందరూ. సమ్మె అయ్యాక జీతాలు వచ్చాయి, చేతి అప్పులు తీర్చుకుంటూ పోగా ఏడాదిన్నరకి రెండు గాజులు విడిపించగలిగారు. వడ్డీ పెరిగి మిగతా రెండూ మునిగిపోయాయి.

అందుకే మా అమ్మ చేతికి ఒక్కో గాజే ఉంటుంది. పక్కన మట్టి గాజులు నిండుగా వేసుకునేది కాబట్టి బయటివాళ్లకి తెలిసేది కాదుగాని, పెళ్లిళ్లకి వెళ్లే ముందు అద్దం దగ్గర చేతులు చూసుకున్నప్పుడల్లా ఓ మాట అనేది, "అంతా ఆ నరసింహారావు పుణ్యం" అని. నాకు ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా నరసింహారావు అంటే వన్‌టౌన్‌లో తాకట్టు కొట్టు షావుకారేమో అనుకునేవాణ్ణి. ఒట్టు.

సరే, 1991కి వద్దాం. నాకు పద్దెనిమిది నిండాయి, బీకాం చదువుతున్నాను. ఓటు వయసు 21 నుంచి 18కి తగ్గించి అప్పటికి రెండేళ్లు. ఆ ఎన్నికల్లోనే నా మొదటి ఓటు. మే 21 రాత్రి శ్రీపెరంబుదూరులో రాజీవ్ గాంధీని చంపేశారు. తెల్లారేసరికి వార్త ఊరంతా పాకింది, షట్టర్లు ఎవరూ చెప్పకుండానే మూతపడ్డాయి. 88 డిసెంబరులో బెజవాడ తగలబడటం, ఆ తర్వాత రోజుల తరబడి కర్ఫ్యూ చూసినవాళ్లం కదా, అమ్మ ముందు చేసిన పని బియ్యం డబ్బా మూత తీసి చూడటం. నాన్న వీధి తలుపు గడియ పెట్టి రేడియో ముందు కూర్చున్నారు. ఆ నెల రోజులూ పెద్దవాళ్ల మాటల్లో ఒకటే ప్రశ్న, ఇప్పుడు దేశానికి దిక్కెవరు అని. నిజంగా ఆ మాటే వాడేవారు, దిక్కు. ఇప్పటి పిల్లలకి ఒక నాయకుడి గురించి ఆ మాట వాడితే నవ్వొస్తుంది.

ఫలితాలు వచ్చాక ఎవరికీ పూర్తి మెజారిటీ లేదు. మా విజయవాడ, పక్కన గుంటూరు రెండూ తెలుగుదేశాన్ని గెలిపించాయి. అలాంటి ఊళ్లో కాంగ్రెస్ మనిషి ప్రధాని అయితే పండగ ఎందుకు చేసుకోవాలి? చేసుకున్నాం. ఆయన ఆ ఎన్నికల్లో పోటీ కూడా చేయలేదు, రాజకీయాలు చాలించుకుని పుస్తకాలన్నీ పెట్టెల్లో సర్దుకుని హైదరాబాదు వచ్చేద్దామని ఉన్నారు, అలాంటి మనిషిని పిలిచి కుర్చీలో కూర్చోబెట్టారు. జూన్ 20న రేడియోలో పేరు చెప్పగానే నాన్న లేచి నిలబడ్డారు. "మనోడేనే! మనోడు ప్రైమ్ మినిస్టరు!" అని వంటింటి వైపు కేకేశారు.

"ఎవరు మనోడు?"

"పీవీనే."

అమ్మ గరిటె పట్టుకునే బయటికొచ్చి నాన్నని కాసేపు చూసింది. ఏమీ అనలేదు. ఏమైనా అని ఉంటే బాగుండేదని నాన్న మొహం చూస్తే అనిపించింది.

మేముండేది సత్యనారాయణపురంలో, రైలు కట్టకు రెండు వీధుల ఇవతల. ఇప్పుడా కట్ట లేదు, దాని మీదే బీఆర్‌టీఎస్ రోడ్డు వేశారు. ఇల్లుగలాయన పైన ఉండేవాడు, కింద రెండు వాటాలు. పక్క వాటాలో తెలుగు మేష్టారు. 21వ తేదీ సాయంత్రం మా ఇంటి ముందు అరుగు మీద చేరిన జనాన్ని తలుచుకుంటే నాకిప్పటికీ అది దాదాపు మంత్రివర్గ సమావేశంలా అనిపిస్తుంది. నాన్న, మేష్టారు, ఆటోనగర్‌లో లారీల స్పేర్ పార్టుల కొట్టున్న మా మావయ్య, పామర్రు అవతల పల్లె నుంచి ఆస్పత్రి పని మీద వచ్చిన మా పెదనాన్న. అందరికీ అమ్మ పకోడీలు వేసింది. పీవీ కోసమని కాదు, పెదనాన్న వచ్చాడని, అది ఆవిడే స్పష్టంగా చెప్పింది.

మేష్టారికి పీవీ మీద ఉన్న గౌరవం వేరు. విశ్వనాథ వారు మా ఊళ్లో ఎస్సారార్ కాలేజీలో పాఠాలు చెప్పినవారు, ఆయన వేయిపడగలుని హిందీలోకి సహస్రఫణ్ పేరుతో తిప్పినవాడు ఇవాళ దేశాన్ని ఏలుతున్నాడంటే అది బెజవాడ గొప్పే అని ఆయన లెక్క. అన్ని భాషలు వచ్చిన మనిషి అందరి బాధా వింటాడు అనేవారు. మా మావయ్యకి ఈ సాహిత్యం పట్టదు. "మేష్టారూ, ఆయనకి పదిహేడు భాషలు వస్తే నాకేంటి, నా ఫోన్ ఎప్పుడొస్తుంది?" అన్నాడు. టెలిఫోన్‌కి అర్జీ పెట్టి అప్పటికి ఏడేళ్లు. స్కూటర్ బుక్ చేస్తే ఏళ్లకి ఏళ్లు, గ్యాస్ కనెక్షన్‌కి చాంతాడంత క్యూ, లారీకి ఓ పర్మిట్టు, ఆ పర్మిట్టుకి ఇంకో కాగితం, ఆ కాగితం మీద సంతకం పెట్టేవాడికి కాఫీ ఖర్చులు. మా మావయ్య దృష్టిలో ప్రభుత్వం అంటే టేబుల్ అవతల కూర్చుని "రేపు రా" అనే ఒక మనిషి. కొత్త ప్రధాని చేయాల్సిందల్లా ఆ టేబుల్ తీసేయడం.

నాన్నకి కోపం వచ్చింది. రాదా మరి, ఆయన కూర్చునేదీ అలాంటి టేబుల్ వెనకాలే.

"నువ్వు రోజూ స్నానం చేసే నీళ్లు ఎక్కడివిరా? కృష్ణ మీద ఆనకట్ట షావుకారు కట్టాడా?" అన్నారు. ఇరిగేషన్‌లో పని కాబట్టి ఎక్కడ మొదలెట్టినా ప్రకాశం బ్యారేజీ దగ్గరికి తీసుకొచ్చేవారు. తెల్లదొరలు 1855లో కట్టిన పాత ఆనకట్టకి 1952లో గండి పడితే డెల్టా రైతు గతేమవుతుందోనని అందరూ బెంగపెట్టుకున్న రోజులు, మన ప్రభుత్వం వచ్చాక 1957కల్లా కొత్త బ్యారేజీ నిలబెట్టడం, 13 లక్షల ఎకరాలు, అన్నీ వరసాగ్గా చెప్పుకుంటూ పోయారు. ఆయనకి సర్కారంటే కాలువ. టయానికి తలుపులు ఎత్తాలి, టయానికి దించాలి, చిట్టచివరి పొలానికి కూడా నీరు అందాలి, దానికి లాభం నష్టం లెక్కలుండవు. ఢిల్లీలో ఎవరు కూర్చున్నా ఆ పని చేస్తే చాలు, మనోడు కూర్చుంటే ఇంకొంచెం శ్రద్ధగా చేస్తాడు.

"చివరి పొలం నాదే. నీళ్లు ఎప్పుడూ ఆలస్యమే" అన్నాడు పెదనాన్న పకోడీ నములుతూ. అందరూ నవ్వారు. నాన్న కూడా.

ఆ వాదన ఎవరూ గెలవలేదు. నన్ను మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు. అడిగితే ఉద్యోగం అనేవాణ్ణి. ఎంప్లాయిమెంట్ ఎక్స్చేంజిలో కార్డు అప్పటికే ఉంది, టెన్త్ అవ్వగానే నాన్న దగ్గరుండి చేయించారు, దాన్ని టైముకి రెన్యువల్ చేయించుకోవడం మా ఇంట్లో ఏటా చేసే వ్రతాల్లో ఒకటన్నట్టు ఉండేది. మనోడు ప్రధాని అయ్యాడు కదా, ఇక కాల్ లెటర్లు వచ్చేస్తాయని నేనూ లోపల నమ్మాను. ఎలా వస్తాయో ఆలోచించలేదు.

జూలై వచ్చింది. 1వ తేదీన, మళ్లీ 3వ తేదీన రూపాయి విలువ తగ్గించారు. నాన్న పేపర్లో రెండుసార్లు చదివి "మనకేం కాదు, ఇది బయటి దేశాల లెక్క" అని పెట్టేశారు. అది కాదు అసలు దెబ్బ. ఆ తర్వాత వారమో పది రోజులకో పేపర్లో పడింది, రిజర్వు బ్యాంకు బంగారం విమానాల్లో లండన్‌కి పంపి తాకట్టు పెడుతున్నారని. సుమారు 47 టన్నులు. విదేశీ మారకం రెండు మూడు వారాల దిగుమతులకే సరిపడా ఉందట, చేసిన అప్పులకి వాయిదా కట్టకపోతే దేశం పరువు పోతుందట. అంతకుముందు చంద్రశేఖర్ ప్రభుత్వం ఉన్నప్పుడే 20 టన్నులు బయటికి వెళ్లిందని కూడా అప్పుడే తెలిసింది. బంగారం తాకట్టు అనగానే ఊళ్లో ఒక రకమైన సిగ్గు, కోపం. మేష్టారు రెండు రోజులు అరుగు మీదకి రాలేదు.

మా అమ్మ పేపరు చదివే మనిషి కాదు. ఆ రోజు మాత్రం నాన్న చేతిలోంచి తీసుకుని, బియ్యం ఏరుతున్న చేట పక్కన పెట్టి, ఆ వార్త చివరిదాకా చదివింది. నేనిది బాగా గుర్తుపెట్టుకున్నాను ఎందుకంటే నాన్న ఆవిడ ఎదురుగా నిలబడి ఉన్నారు, తప్పు చేసి దొరికిన పిల్లాడిలా. చదివి, మడిచి, చేట మళ్లీ ఒళ్లోకి తీసుకుని అంది.

"తాకట్టు పెట్టడం తప్పు కాదు. ఇంట్లో పాలు లేకపోతే పెట్టక చస్తామా. వడ్డీ ఎంతో, గడువెంతో కనుక్కున్నాడా మీ మనోడు? విడిపించే దారి చూసుకునే పెట్టాడా?"

నాన్న దగ్గర జవాబు లేదు. తర్వాత నేను ఎకనామిక్స్ లెక్చరర్లు చెప్పింది విన్నాను, పుస్తకాలు తిరగేశాను, టీవీల్లో మేధావుల చర్చలు చూశాను, 1991 గురించి అంతకంటే సూటి ప్రశ్న ఎవరూ అడగలేదు.

జూలై 24న మన్మోహన్ సింగ్ బడ్జెట్. అదే రోజు చాలా పరిశ్రమలకి లైసెన్సులు అక్కర్లేదని ప్రకటించారు. మా మావయ్య ఆటోనగర్‌లో స్వీట్లు పంచాడు. అదే బడ్జెట్లో గ్యాస్ ధర పెంచారు, ఎరువుల మీద 40 శాతం పెంచారు. డెల్టాలో అప్పుడప్పుడే నాట్లకి సిద్ధమవుతున్నారు, యూరియా బస్తా కొనాల్సిన టైము. మూడో రోజుకల్లా పెదనాన్న దిగాడు, ఈసారి ఆస్పత్రి పనేం లేదు.

"ఏరా, మనోడు అన్నావు. టెలిగ్రామ్ కూడా కొట్టావంట! ఇదేనా వాడు మనకి పెట్టిన కట్నం?"

నాన్న ఏదో చెప్పబోయారు, దేశం మొత్తం కష్టంలో ఉంది, కొన్నాళ్లు ఓర్చుకోవాలి అని. గొడవలు అయ్యాక ఎరువుల పెంపుని 30 శాతానికి తగ్గించి చిన్న రైతులకి మినహాయింపు అన్నారు. పెదనాన్నకి ఎనిమిదెకరాలు, కాబట్టి ఆ మినహాయింపూ రాలేదు. ఆ సంవత్సరం సంక్రాంతికి మాకు పల్లె నుంచి బియ్యం మూట రాలేదు. ఎరువు ధర పెరిగిందని కాదు, నాన్న టెలిగ్రామ్ కొట్టారని.

అయినా అభిమానం పోలేదు చూడండి. నవంబరులో పీవీ నంద్యాల ఉప ఎన్నికలో నిలబడ్డారు. తెలుగువాడు ప్రధాని అయినప్పుడు అడ్డుపడకూడదని ఎన్టీఆర్ తన పార్టీ అభ్యర్థిని పెట్టలేదు. 5 లక్షల 80 వేల మెజారిటీ. ఆ రోజు అరుగు మీద మళ్లీ అందరూ కలిశారు, పెదనాన్న తప్ప. ఎన్టీఆర్ చేసిన పనిని మెచ్చుకుంటూ మావయ్య ఒక మాటన్నాడు, "బావా, మనం ఎప్పుడూ మనలో మనం కొట్టుకుంటామని ఢిల్లీ వాళ్లు అంటారు, ఇవాళ నోరు మూసుకుంటారు" అని. ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే ఆ ఆరు నెలలు మా వీధికి ఒక మత్తు. ఏం మారిందని అడిగితే చెప్పలేం. ఢిల్లీలో మాట్లాడే మనిషి ఇంటికెళ్లాక తెలుగులో ఆలోచిస్తాడు అన్న ఊహే చాలా బలంగా ఉండేది. పప్పన్నం తింటాడు అనేవాడు మావయ్య, అదేదో విధాన నిర్ణయం అన్నట్టు.

93లో నా బీకాం అయింది. కాల్ లెటర్ రాలేదు. గ్రూప్ టూ రాశాను, బ్యాంకు రాశాను, రైల్వే రాశాను, నా వయసువాళ్లందరూ రాసినట్టే. ఈలోపు మావయ్యకి ఫోన్ వచ్చింది, దాంతోపాటే గవర్నరుపేటలో ఒక చిన్న గది అద్దెకి తీసుకుని ఎస్టీడీ బూత్ పెట్టాడు. నన్ను అందులో కూర్చోబెట్టాడు. నా మొదటి ఉద్యోగం అదే, పసుపు బోర్డు, అద్దాల గది, గోడ మీద ఎర్ర అంకెలు తిరిగే మీటరు. రాత్రి పదకొండు దాటితే పావు వంతు చార్జీ కాబట్టి పదిన్నర నుంచే జనం. కొడుకు హైదరాబాదులో, కూతురు మద్రాసులో, అల్లుడు మస్కట్‌లో. అద్దం లోపల వాళ్లు చూసేది ఫోన్‌ని కాదు, మీటరుని. ముసలావిడ ఒకావిడ ప్రతి శనివారం వచ్చేది, కొడుకు ఎత్తగానే "బాగున్నావా నాన్నా, పెట్టేస్తున్నా" అనేది, అంతే, ముప్పై సెకన్లు. ఆ ముప్పై సెకన్లకి నలభై నిమిషాలు క్యూలో కూర్చునేది.

ఒక రాత్రి నాన్న సైకిలు మీద నాకు క్యారేజీ తెచ్చారు. జనాన్ని చూసి మావయ్య మీసం తిప్పాడు. "చూశావా బావా, టేబుల్ తీసేస్తే ఎట్టా ఉంటుందో! ఏడేళ్లు తిప్పిన ఫోను ఇవాళ వీధికొకటి."

నాన్న క్యారేజీ విప్పుతూ తల కూడా ఎత్తకుండా అన్నారు, "నీ కొట్టు నడిచేది సర్కారు తీగ మీదే కదరా."

అది నిజం. మావయ్య చెప్పిందీ నిజమే. ముప్పై ఏళ్లుగా ఆ రెండు మాటల మధ్య నేను తేల్చుకోలేకపోయాను, తేల్చుకున్నామని చెప్పేవాళ్ల మీద నాకు పెద్ద నమ్మకం కూడా లేదు.

కాల్ లెటర్ చివరికీ రాలేదు, ఆటోనగర్‌లోనే ఒక ట్రాన్స్‌పోర్టు కంపెనీలో అకౌంట్స్ చూడటానికి కుదిరాను, ఇప్పటికీ అదే పని. మా ఇంటికి ఫోన్ 96లో వచ్చింది. ఆ ఏడాదే పీవీ దిగిపోయారు.

ఆ ఐదేళ్లలో నాన్న "మనోడు" అనడం ఎప్పుడు మానేశారో కచ్చితంగా చెప్పగలను. 1992 డిసెంబరు 6. బాబ్రీ మసీదు కూలుతున్న వార్తలు వింటూ ఆయన రేడియో కట్టేయలేదు, ఏమీ అనలేదు, చాలాసేపు అలా కూర్చున్నారు. నాన్న ఆఫీసులో పక్క సీటాయన, ఇరవై ఏళ్ల స్నేహితుడు, 72లో పాడె రెండో పక్క పట్టుకున్న మనిషి, ముస్లిం. మర్నాడు ఆఫీసులో ఆయనకి ఏం మొహం చూపించాలో నాన్నకి తెలియలేదు. "కాలువ తలుపు దించాల్సిన టైములో దించకపోతే దాన్ని నిద్ర అనరు" అని అమ్మతో అన్నారట. తర్వాత కుంభకోణాలూ కేసులూ ఒకదాని వెనక ఒకటి వస్తుంటే పట్టించుకోవడమే మానేశారు. పేపర్లో ఆయన బొమ్మ కనిపిస్తే పీవీ అనేవారు, అంతే.

2004లో నాన్న రిటైరయ్యారు. ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి రాష్ట్రంలో కొత్తగా చేరేవాళ్లకి పాత పెన్షన్ లేదన్నారు, నాన్న దానికి ముందువారు కాబట్టి ఆయనకి చివరిదాకా వచ్చింది, ఇప్పుడు అమ్మకి ఫ్యామిలీ పెన్షన్ వస్తోంది. తర్వాత టీచరుగా చేరిన మా బాబాయి కూతురికి రాదు. ప్రభుత్వం ఏం చేయాలి అన్న చర్చ ఎక్కడ మొదలైనా మా అమ్మ ఒకటో తారీకు గురించి మాట్లాడుతుంది, ఆ అమ్మాయి తన చీటీల గురించి మాట్లాడుతుంది.

ఆ డిసెంబరు 23నే పీవీ పోయారు. ఢిల్లీలో ఆయన పార్థివదేహాన్ని సొంత పార్టీ ఆఫీసు లోపలికి తీసుకెళ్లనివ్వలేదని టీవీలో వస్తుంటే నాన్న లేచి బీరువా తెరిచి పాత ఫైలు తీశారు. సర్వీసు కాగితాలు, అద్దె రసీదులు, నా ఎక్స్చేంజి కార్డు, వాటి మధ్యలో 91 నాటి టెలిగ్రామ్ రసీదు. అంకెలు పూర్తిగా వెలిసిపోయాయి. దాన్ని కాసేపు చూసి మళ్లీ అక్కడే పెట్టారు.

"పాడె మోసిన బాకీ ఉండిపోయింది" అన్నారు. ఎవరితోనో కాదు, ఊరికే.

2013లో టెలిగ్రామ్ సర్వీసే ఎత్తేసినప్పుడు ఆయనకి చెప్తే "నాది అందే ఉంటుందిలే" అన్నారు. అప్పటికి ఆరోగ్యం బాగోలేదు. ఇంకో మూడేళ్లు ఉన్నారు.

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, 2024లో మా అబ్బాయికి మొదటి ఓటు. అసెంబ్లీ, పార్లమెంటు రెండూ ఒకే రోజు, మే 13న. ఆ ఎండలో అమ్మని ఆటోలో తీసుకెళ్లి, వీల్‌చైర్ అడిగి, ముగ్గురం ఒకే బూత్‌లో వేశాం. వచ్చాక వాడు వేలి మీద సిరాని ఫోన్‌లో ఫోటో తీసుకుంటూ నానమ్మకి ఉపన్యాసం మొదలెట్టాడు, ఢిల్లీలో రాబోయేవాడు ఎలా ఉండాలి, స్టార్టప్‌లకి ఏం చేయాలి, ఊళ్లో ఐటీ కంపెనీలు ఎందుకు రావు, పరీక్ష పేపర్లు లీకవుతుంటే ఎవరు అడగాలి. సగం మాటలు నాకే కొత్త. చెప్పే తీరు మాత్రం అచ్చం ఆ అరుగు మీద మా మావయ్యదే, చేతులు కూడా అలాగే తిప్పుతున్నాడు. వాడు నమ్మకంగా చెప్తుంటే నాకు అడ్డుపడాలనిపించలేదు. నా వయసువాడు ఆశ పెట్టుకోవడానికి మొహమాటపడతాడు, వాడికేం మొహమాటం?

అమ్మ ఓపిగ్గా అంతా విని, "మంచిదే నాన్నా, వచ్చేవాడికి ఇల్లు గడపడం తెలిసి ఉండాలి" అంది.

ఆ ఫిబ్రవరిలోనే పీవీకి భారతరత్న ప్రకటించారు. అప్పుడు అమ్మ పెద్దగా పట్టించుకోలేదు, "మీ నాన్న ఉంటే ఇంకో టెలిగ్రామ్ కొట్టేవారు" అని ఊరుకుంది. ఓట్ల లెక్కింపుకి నాలుగు రోజుల ముందు, మే నెలాఖరులో, టీవీలో ఇంకో వార్త వచ్చింది. ఇంగ్లండులో దాచిన మన బంగారంలో 100 టన్నులు రిజర్వు బ్యాంకు దేశానికి తెచ్చేసుకుందని. 1991 తాకట్టు కథ అన్ని చానెళ్లూ మళ్లీ చెప్పాయి. అమ్మకి ఈ మధ్య వినికిడి తగ్గింది, సౌండు పెంచమని చేత్తో సైగ చేసింది. నేను పక్కన కూర్చుని చెవిలో చెప్పాను, ఆ తాకట్టు అప్పు ఆ సంవత్సరమే తీర్చేశారమ్మా, బంగారం మాత్రం అక్కడే లాకర్లో ఉంచారు, ఇన్నాళ్లకి కొంత ఇంటికొచ్చింది అని.

"తీర్చేశారా? అదే ఏడు?"

"అదే ఏడు."

ఆవిడ కాసేపు లెక్క వేసుకుంది. కుడి చేతి గాజుని ఎడమ చేత్తో ముంజేతి దాకా జరిపి మళ్లీ కిందికి వదిలింది, చర్మం వదులైపోయి అది ఇప్పుడు మణికట్టు దగ్గర నిలవదు.

"ఆ సంగతి మీ నాన్నకి తెలుసా?"

తెలిసే ఉంటుందన్నాను, పేపరు రోజూ చదివేవారు కదా అని.

"తెలిస్తే నాకెందుకు చెప్పలేదు మరి? ఇన్నేళ్లూ అదీ మునిగిపోయిందనే అనుకుంటున్నా" అంది, మా నాన్న ఫోటో వైపు తిరిగి.